షట్టరు దగ్గర పీట

అది రెండు వేల మూడో సంవత్సరం. శివరాత్రి వెళ్ళిన తర్వాతి వారం గుంటూరు ఊరి బయట, సత్తెనపల్లి రోడ్డు పక్కన ఉన్న మిరపకాయల గోడౌనులో మా ముఠా పని మొదలైంది. పైన రేకులు, కింద గచ్చు, ముందు ఒక పెద్ద ఇనప షట్టరు, వెనకవైపు గోడకి ఎత్తున రెండు చిన్న కిటికీలు. లోపల ఎటు చూసినా ఎర్రటి కుప్పలే. కొత్తవాళ్ళు అడుగు పెట్టగానే తుమ్ముతారు. మాకైతే ఆ వాసన లేకపోతేనే ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది.

ముఠా అంటే కలిసి పనికి వెళ్ళే ఆడవాళ్ళ గుంపు. మా ముఠాకి నేను మేస్త్రిని. చదివింది మూడో తరగతి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ఏ రోజు ఏమన్నారో మాత్రం ఇప్పటికీ అడగండి, చెబుతాను. మిరపకాయని కూరలో తప్ప చూడనివాళ్ళ కోసం మా పని ముందు నాలుగు మాటల్లో చెప్పాలి. రైతు కాయల్ని కళ్ళంలో ఎండబెట్టి, టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో తొక్కి మార్కెట్ యార్డుకి తెస్తాడు. వాటిని కొన్న షావుకారు పై దేశాలకి పంపాలంటే కాయకి తొడిమ ఉండకూడదు. దాన్ని స్టెమ్‌లెస్ అంటారు. ఆ తొడిమ తీసేది మిషను కాదు, మా వేళ్ళు. కాయ విరక్కుండా ముందు రోజు కుప్ప మీద నీళ్ళు చిలకరించి పదును పెడతాం. పొద్దున్నే చేతులకి ఆముదం రాసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, దవడన బెల్లం ముక్క పెట్టుకుని కూర్చుంటాం.

ఒక్కో కుప్పకి ఇద్దరు. దాన్ని జోడీ అంటాం. ఒకరు తొడిమ తీస్తుంటే ఇంకొకరు తాలు ఏరతారు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. సాయంత్రం ఇద్దరి కాయా కలిపే తూస్తారు, కూలీ సగం సగం. అందుకని జోడీ కుదరడం పెళ్ళి కుదరడం లాంటిది. చెయ్యి కలవాలి, నోరు కలవాలి. ఎవరి పీట వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. ఒకసారి పీట పడిన చోటు సీజన్ అయ్యేదాకా మారదు. జోడీ లేని మనిషికి గోడౌనులో చోటు లేనట్టే.

సువార్తకి జోడీ కోటమ్మ. ఇంత తేడా ఉన్న జోడీని నేను మళ్ళీ చూడలేదు. కోటమ్మ యాభై దాటిన మనిషి, మెడలో తులసిపూసలు, నోటి నిండా తిట్లు. సువార్తకి ముప్ఫై నాలుగో, ముప్ఫై ఐదో. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది తనే, సోమవారం గోడౌనులో కబుర్లు ఎత్తుకునేదీ తనే. వేళ్ళు ఆగవు, నోరు ఆగదు. కోటమ్మని "అత్తా" అని పిలిచేది, కోటమ్మ ఆమెని "ఏమే" తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగదు.

"ఏమే, నీ మాటలకి తొడిమలు వాటంతట అవే ఊడొస్తున్నాయే" అనేది కోటమ్మ.

"నీ తిట్లకి కాయకి కాయే పారిపోతోంది అత్తా" అనేది సువార్త.

అలాంటి మనిషికి భయం అనే జబ్బు వస్తుందని ఎవరనుకుంటారు?

పని మొదలైన కొద్ది రోజులకే, ఒక మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చున్నాం. ఎండ తగిలితే కాయ రంగు పోతుందని షట్టరు సగం దించారు. సువార్త వాళ్ళ అత్తగారి కోడి కథ చెబుతోంది. కోడి కనపడటం లేదని ఆ ముసలామె వీధి చివర నిలబడి, నా కోడిని తిన్న నోరు పుచ్చిపోను అని మొదలుపెట్టి, మొదటి ఇంటివాళ్ళని, రెండో ఇంటివాళ్ళని వరసగా తిడుతూ వస్తోందట. మేమంతా నవ్వుతున్నాం. మూడో ఇంటి దాకా వచ్చి సువార్త ఆగిపోయింది.

నేను తలెత్తి చూశాను. నోరు తెరిచే ఉంది, మాట లేదు. చేతిలో కాయ అలాగే ఉంది. ముఖాన చెమట పట్టేసింది.

"అక్కా" అంది నన్ను. "గాలి అందట్లేదు."

"ఘాటు పట్టింది! లేపండి లేపండి" అని అరిచింది కోటమ్మ.

మా పనిలో ఇది కొత్త కాదు. తేజ అని బాగా ఘాటు రకం, ఆ కాయ కుప్ప కదిలిస్తే ఘాటు లేస్తుంది. దానికి మా వైద్యం మాకుంది. మనిషిని బయటికి లాక్కొచ్చి, వీపు మీద చరిచి, "గట్టిగా పీల్చు, ఇంకా గట్టిగా" అని గాలి మింగించడం. మజ్జిగ తాగించడం. ఆ రోజూ అదే చేశాం. ఇద్దరు విసురుతున్నారు, కోటమ్మ వీపు మీద దబదబ బాదుతోంది. "పీల్చవే! పీల్చు!" అని అందరం ఒకటే అరుపు. ఆమె పీల్చే కొద్దీ ఎక్కువైంది. మూతి చుట్టూ తిమ్మిరి అంది. వేళ్ళు కొంకర్లు పోయి, పిట్ట కాళ్ళలా ముడుచుకున్నాయి.

"అంజమ్మక్కా, నేను పోతున్నా. నా పిల్లలు..." అంది నా చెయ్యి పట్టుకుని. ఆ పట్టు ఎలాంటిదంటే, గాజు ఒకటి విరిగి నా చేతిలోనే దిగింది.

ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన బల్ల మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టాడు. సీసా సగం కాకముందే సువార్త లేచి కూర్చుంది. ఒంట్లో సత్తువ లేదుగానీ జబ్బన్నది లేదు. "నీరసం, పైగా ఘాటు" అన్నాడాయన. మేమూ సరే అనుకున్నాం. తెల్లారి పనికొచ్చింది. "సువార్త ఊపిరి ఆగితే గోడౌనుకి ఎంత ప్రశాంతతో" అని కోటమ్మ అంటే అందరం నవ్వాం, సువార్త కూడా నవ్వింది. కోడి కథ మిగతాది మాత్రం చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే వరస, మళ్ళీ సెలైన్.

ఇక మా మంచితనం మొదలైంది. పాపం లోపల గాలాడటం లేదని ఆమె పీట నేనే తీసుకెళ్ళి షట్టరు పక్కన వేశాను. మధ్యాహ్నం షట్టరు సగం దించితే అక్కడా ఉండలేకపోయింది. సరే అని బయట వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి తాలు ఏరమన్నాం. కొన్నాళ్ళకి ఆటోలో వచ్చింది ఆ భయం. మేం పదిమంది ఇరుక్కుని కూర్చునే ఆటో అది. దారి మధ్యలో ఆపించి దిగి, రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుంది. "ఆటో వద్దులే, నిదానంగా నడిచి రా" అన్నాం. నడిచి వచ్చేది. ఎండకి సొమ్మసిల్లుతుందని, "రెండ్రోజులు రాకులే, ఇంటి పట్టునుండు" అన్నాం. మానేసింది. మాకు తెలియకుండానే ఒక్కో అడుగూ ఆమెని గోడౌను నుంచి బయటికి నడిపించింది మేమే. ప్రేమతోనే నడిపించాం.

ఊళ్ళో ఒక్కొక్కరిది ఒక్కో మాట. గాలి సోకిందన్నారు. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ప్రార్థన చేసినంతసేపూ బాగుందట. మొగుడు బాధపెడుతున్నాడేమోనని కొందరు గుసగుస. ఆమె భర్త దానియేలు పక్క కోల్డ్ స్టోరేజీలో హమాలీ. ఒక రోజు టీ బంకు దగ్గర కోటమ్మ అతన్ని నిలబెట్టేసింది.

"ఏరా దానియేలూ, కొట్టావా దాన్ని?"

"నేనా! నన్నది కొడితే నేనెవరికి చెప్పుకోవాలో తెలియక ఊరుకుంటున్నా అత్తా."

"మరెందుకురా అట్టయిపోయింది?"

అతని నవ్వు ఆగిపోయింది. "తెలిస్తే నేను మాత్రం ఎందుకు ఊరుకుంటానత్తా? గుండె ఫోటో తీయించా. ఏమీ లేదన్నారు. ఏమీ లేదని చెప్పిన కాడి నుంచీ ఇంకా ఏడుస్తోంది."

ఈలోగా గోడౌనులో కోటమ్మ కుప్ప వెనకబడింది. ఒక్కతే తొడిమ తీసుకుని, ఒక్కతే తాలు ఏరుకోవాలి. మాచర్లవైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి పని కోసం తిరుగుతోంది, చెయ్యి కూడా చురుకే. మిగతావాళ్ళు నా చెవిన వేశారు. చివరికి కోటమ్మే నోరు తెరిచింది.

"మేస్త్రమ్మా, అది వస్తుందా రాదా? రాకపోతే నాకు జోడీ చూపించు. నా నడుములు ఒకరి కోసం ఎదురుచూడవు."

అడగడంలో తప్పు లేదు. కానీ కొత్త జోడీ కూర్చుంటే ఈ సీజన్‌కి సువార్త లేనట్టే. ఈ సీజన్ లేకపోతే, ఆ మనిషి మళ్ళీ ఎప్పటికీ ఇల్లు దాటి రాదని నాకెందుకో గట్టిగా అనిపించింది. "వారం ఆగు కోటమ్మా" అన్నాను. "వారమే" అంది.

ఆ సాయంత్రమే సువార్త ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఉంది. లోపలా కాదు, బయటా కాదు. ఒక కాలు గడప ఇవతల, ఒక కాలు అవతల.

"చర్చికి కూడా పోవట్లేదంటగా?" అన్నాను.

"పోయానక్కా. తలుపు దగ్గర నిలబడ్డా. పాట ఎత్తుకోమన్నారు. ఎత్తుకున్నాక మధ్యలో వస్తే? అందరి ముందూ పడిపోతే? వచ్చేశా." కాసేపు నేల మీద గీతలు గీసింది. "అది రావడం కాదక్కా, వస్తుందేమోనని చూస్తూ కూర్చోవడమే చంపేస్తోంది. గుండె ఫోటో చూసి ఏమీ లేదన్నాడు డాక్టరు. ఏమీ లేదంటే నేను నాటకాలాడుతున్నాననేగా అర్థం? జబ్బుందంటే బాగుండేది. మందు మింగి పడుండేదాన్ని."

మా చెల్లెలి కూతురు కాన్పుకి చూసిన డాక్టరమ్మ ఒకావిడ గుంటూరులో ఉంది. మంచిది, కసురుకోదు. ఆమెనడిగితే, నరాలకీ మనసుకీ చూసే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమని చెప్పింది. పిచ్చి డాక్టరని సువార్త భయపడుతుందనుకున్నా. "ఏ డాక్టరైనా సరే అక్కా, పేరున్న జబ్బు చెబితే చాలు" అంది. ఆటో ఎక్కనంది కాబట్టి నేనూ, ఆమే, దానియేలూ మొదటి బస్సుకి వెళ్ళాం. తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది, తలుపు పక్క సీటు దొరుకుతుంది.

ఆ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు గుండె, ఊపిరితిత్తులు వింది, పాత కాయితాలన్నీ చూసింది. రక్తం లేకపోయినా, గొంతు దగ్గర గ్రంథి తేడా చేసినా ఇలా ఉంటుందని ఆ పరీక్షలూ రాసింది, తర్వాత వాటిలోనూ తేడా ఏమీ రాలేదు. తర్వాత కుర్చీ సువార్త దగ్గరికి జరుపుకుని అడిగింది.

"మిరపకాయల ఘాటు ఎలా ఉంటుందమ్మా? నాకు తెలీదు, చెప్పు."

"ముందు ముక్కు మండుద్దండి. కళ్ళల్లో నీళ్ళు. తర్వాత దగ్గు. ఒకరు దగ్గితే పక్కనున్నోళ్ళందరూ దగ్గుతారు."

"నీకు మొదటిసారి వచ్చినప్పుడు పక్కవాళ్ళు దగ్గారా?"

సువార్త నా వైపు చూసింది. నేను దానియేలు వైపు చూశాను.

"లేదండి" అంది సువార్త నెమ్మదిగా. "ఎవరూ దగ్గలేదు. నేను కూడా దగ్గలేదు."

"మరి ఘాటు కాదు కదా."

ఇన్నాళ్ళూ కుప్పల మధ్యే కూర్చున్నాం, ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. మిరపకాయల్లో మనిషికి ఊపిరాడకపోతే ఘాటే అనుకున్నాం. ఇంకోటి ఉండొచ్చని అనుకోవడానికి మాకు చోటే లేదు.

డాక్టరమ్మ దాని పేరు చెప్పింది. పానిక్ ఎటాక్. అంటే ఒంట్లో ప్రమాదం లేకుండానే ఒంటికి ప్రమాద గంట మోగడం. పాము కనపడితే గుండె ఎలా కొట్టుకుంటుందో, చెమట ఎలా పడుతుందో, పాము లేకుండానే అంతా అలాగే జరుగుతుంది. "నీ ఒళ్ళు నాటకం ఆడటం లేదు, నువ్వూ ఆడటం లేదు. నీకొచ్చేది నిజంగానే వస్తోంది. కానీ అది ప్రాణం తీయదు. పైకి ఎక్కుతుంది, కాసేపుంటుంది, దానంతట అదే దిగుతుంది. సెలైన్ పెట్టినా దిగేది, పెట్టకపోయినా దిగేది" అంది.

సువార్త ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరేగా ఉంది. "పేరుందన్నమాట" అంది.

వేళ్ళు కొంకర్లు పోవడం గురించి అడిగాను. గబగబా గట్టిగా గాలి పీల్చడం వల్లే తిమ్మిరి, కొంకర్లు వస్తాయని చెప్పింది. కోటమ్మ బాదిన బాదుడూ, "పీల్చవే పీల్చు" అని మేం పెట్టిన అరుపులూ గుర్తొచ్చి నాకు చెమట పట్టింది. పీల్చడం కాదు, నిదానంగా వదలడం నేర్చుకోవాలట. పెదాలు ముడిచి, వేడి గంజి ఊదుకున్నట్టు పొడుగ్గా వదలాలి. ఒక మాత్ర రాసి, రోజూ వేసుకోవాలని, గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో తనని అడక్కుండా ఆపొద్దని చెప్పింది. రోజంతా తాగే టీలు తగ్గించమంది. ఆఖరికి అసలు మాట చెప్పింది.

"ఎక్కడెక్కడి నుంచి లేచి వచ్చేశావో అక్కడికల్లా మళ్ళీ వెళ్ళాలి. ఒక్కసారి కాదు, కొంచెం కొంచెంగా. వస్తే లేచి పారిపోకు. కూర్చో. దిగేదాకా కూర్చో. లేచిపోయిన ప్రతిసారీ ఆ చోటు ఇంకా భయంకరంగా తయారవుతుంది." నా వైపు తిరిగింది. "మీరు జాలిపడి బయటికి పంపకండమ్మా. ఆమెకి తోడు కూర్చోండి."

బస్సులో తిరిగి వస్తుంటే దానియేలు మాత్రల పొట్లం చేత్తో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. "పాము లేని పాము" అని తనలో తనే అన్నాడు.

నేను కోటమ్మనడిగిన వారం తీరిన రోజున సువార్త గోడౌనుకి వచ్చింది. చంకలో పీట. నడిచే వచ్చింది. షట్టరు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మాచర్ల అమ్మాయి అప్పటికే వచ్చి గోడ పక్కన నిలబడి ఉంది. పనుంటుందేమోనని రోజూ వచ్చి అడుగుతోంది. లోపలున్న అందరి చేతులూ ఆగాయి.

డాక్టరమ్మ చెప్పిందంతా నాకు చేతనైనట్టు చెప్పాను. ఘాటు కాదని, గాలి సోకడం కాదని, అంటుకునేది కాదని. "ఇవాళ షట్టరు దగ్గర కూర్చుంటుంది. కుదిరినప్పుడు కాస్త లోపలికి జరుగుతుంది" అన్నాను.

"షట్టరు దగ్గర కుప్ప లేదుగా" అన్నారెవరో. నిజమే. కోటమ్మ కుప్ప వెనక కిటికీ కింద ఉంది. అక్కడికీ ఇక్కడికీ జోడీ ఎలా కుదురుతుంది? అందరూ కోటమ్మని చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. తల దించుకుని మళ్ళీ కాయ వలవడం మొదలుపెట్టింది. మాచర్ల అమ్మాయి ముందుకు ఒక అడుగు వేసింది.

సువార్త షట్టరు పక్కన పీట వేసుకుని కూర్చుంది. కుప్ప లేకుండా, ఒట్టి చేతులతో. ఆ కూర్చోవడం చూడటం కష్టంగా ఉండింది.

కోటమ్మ లేచింది. నడుం పట్టుకుని "అమ్మా" అని మూలిగింది. కుప్ప కింద పరిచిన పట్టా అంచులు రెండూ పట్టుకుని, కుప్పని కుప్పగానే గచ్చు మీద లాక్కుంటూ రావడం మొదలుపెట్టింది. దారిలో ఉన్నవాళ్ళని తిట్టింది, గచ్చుని తిట్టింది, షావుకారుని తిట్టింది, మిరపకాయ కనిపెట్టినవాణ్ణి తిట్టింది. ఇద్దరు లేచి సాయం పట్టబోతే "మీ పని చూసుకోండే" అని వాళ్ళనీ తిట్టింది. కుప్పని తెచ్చి సువార్త ముందు పడేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి తన పీట తెచ్చుకుని ఎదురుగా కూలబడింది.

"ఏంటే చూస్తావు? తాలు ఏరు" అంది.

మాచర్ల అమ్మాయికి పక్క గోడౌను ముఠాలో నేనే చోటు చూపించాను.

ఆ రోజు నుంచి గోడౌనులో ఒక కుప్ప నడవడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున కోటమ్మ పట్టా పట్టుకుని ఒక జానెడు, ఒక మూరెడు లోపలికి లాగేది. కొన్ని రోజులు లాగేది కాదు. "ఇవాళ నా నడుం బాలేదు, ఇక్కడే" అనేది. ఆ రోజు బాలేనిది ఎవరికో మాకందరికీ తెలిసేది. సువార్త ముఖం ఎలా ఉందో చూసి తన నడుం సంగతి చెప్పేది ఆవిడ. గుమస్తా వచ్చి, "కుప్ప దారికడ్డంగా ఉంది, తీయండి" అని కసిరితే, "రేపు ఇంకో చోట అడ్డంగా ఉంటుంది లెండి, ఓపిక పట్టండి" అంది. డాక్టరమ్మ టీ తగ్గించమందని సువార్త వంతు టీ కూడా తనే తాగేది. "దీని జబ్బు వల్ల నాకు బాగుపడింది ఇదొక్కటే" అనేది.

ఎండలు ముదిరాయి. ఒక రోజుకి కుప్ప గోడౌను నడిమధ్యకి చేరింది. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించారు. నేను ఇంకో చివర ఉన్నాను. నోళ్ళు ఒక్కొక్కటే మూతపడటం విని తల తిప్పాను.

వచ్చింది. సువార్త చేతులు ఆగిపోయాయి. ముఖాన అదే చెమట. కళ్ళు షట్టరు వైపు తిరిగాయి. ఒక మోకాలు లేచింది కూడా. నేను లేవబోయాను. నా పక్కనున్నామె కూడా మజ్జిగ చెంబు అందుకుంది. కోటమ్మ మా వైపు ఒక్క చూపు చూసింది. ఇద్దరం కూర్చున్నాం.

"ఏమే" అంది కోటమ్మ. చేతిలో కాయ ఆపలేదు. "వచ్చిందా?"

సువార్త తల ఊపింది.

"రానీ. ఊదు. వేడి గంజి చేతిలో ఉందనుకో. గబుక్కున తాగమాకు, మూతి కాలుద్ది. ఊదు. ఇంకా సన్నగా."

సువార్త ఊదింది. వణుకుతూ ఊదింది. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. "అత్తా... చచ్చిపోతా" అంది.

"చద్దువుగానిలే. ముందు ఆ రోజు సగంలో ఆపిన కోడి కథ చెప్పి అప్పుడు చావు. శివరాత్రి వెళ్ళిన కాడి నుంచీ ఆ కోడేమైందో తెలియక నాకు నిద్ర పట్టట్లేదు. మూడో ఇంటి దాకా తిట్టింది మీ అత్త. తర్వాత?"

సువార్త ఆమె వైపు చూసింది. ఊదింది. ఇంకోసారి ఊదింది. లేచిన మోకాలు కిందికి దిగింది.

"నాలుగో ఇల్లు..." అంది. ఆగింది. ఊదింది. "నాలుగో ఇల్లు పాస్టరు గారిది."

"తిట్టిందా?"

"తిట్టింది. కళ్ళు మూసుకుని... తిట్టింది."

ఒక మాట, ఒక ఊపిరి. ఒక మాట, ఒక ఊపిరి. అలా చెప్పింది. సాయంత్రం ఆ ముసలామె అలిసిపోయి ఇంటికొచ్చి మంచం మీద పడుకుంటే, మంచం కింది గంపలోంచి కోడి, దాని వెనక పిల్లలు బయటికొచ్చాయట. వీధంతా వినపడే తిట్లు తిట్టిందాయె, పాపం తగులుతుందని ఇంటింటికీ వెళ్ళి, "నిన్ను తిట్టిన తిట్టు వెనక్కి తీసుకుంటున్నా" అని చెప్పిందట. పొలం వెళ్ళి ఆ తిట్లు విననివాళ్ళు కూడా, "ఏంటీ, నన్ను తిట్టావా?" అని కొట్లాటకి దిగారట.

ఎవరు ముందు నవ్వారో తెలియదు. కోటమ్మ మాత్రం నవ్వలేదు. "మరి పాస్టరు గారి దగ్గర వెనక్కి తీసుకుందా?" అని అడిగింది.

"తీసుకుంది. ఆయన, పరవాలేదమ్మా నేను వినలేదన్నాడు. విననోడివి ముందే చెప్పొచ్చుగా అని మళ్ళీ తిట్టింది" అంది సువార్త. అంతా అయ్యాక తన చేతుల్ని తనే చూసుకుంది. వేళ్ళు కొంకర్లు పోలేదు. కథ చెబుతూ చెబుతూ ఎప్పుడో తాలు ఏరడం మొదలుపెట్టింది, ఒడిలో చిన్న కుప్ప ఉంది.

"దిగింది అక్కా" అంది నాతో, అంత దూరం నుంచి అరిచి. "కూర్చునే ఉన్నా. దిగింది."

ఆ తర్వాత ఆమెకి మళ్ళీ రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. ఆ సీజన్‌లో వచ్చింది, తర్వాతి ఏడు ఆటోలో ఒకసారి వచ్చింది. ఆటో దిగిపోలేదు, ఊదుకుంటూ కూర్చుంది. మాత్రలు డాక్టరమ్మ చెప్పినప్పుడే, చెప్పినట్టే తగ్గించి ఆపింది. ఎందుకొచ్చిందో మాత్రం చివరిదాకా తేలలేదు. ఎవరు తిట్టారు, ఏది చూసి జడుసుకుంది అని జనం అడుగుతూనే ఉన్నారు. "ఊరికే వచ్చింది. ఊరికే వచ్చేవి కూడా ఉంటాయంట" అనేది సువార్త.

చాలా ఏళ్ళు మేస్త్రిగా చేశాను. కాయ చూసి ఏ చేలోదో చెప్పగలను అనుకునేదాన్ని. మనుషుల సంగతి మాత్రం ఆ ఒక్క సీజనే నేర్పింది. భయపడిన మనిషికి గాలి కావాలని బయటికి పంపుతాం. నిజానికి ఆ మనిషికి కావలసింది తన చోటు. ఆ చోట్లో ఎదురుగా ఒక మనిషి. ఆ మనిషి మంచి మాటలే చెప్పనక్కరలేదు. కోటమ్మ మంచి మాట ఒక్కటీ చెప్పలేదు.

సీజన్ ఆఖరి రోజు గోడౌను ఊడ్చేటప్పుడు చూశాను. షట్టరు దగ్గర నుంచి వెనక కిటికీ దాకా గచ్చు మీద ఎర్రటి చార ఉంది. కోటమ్మ పట్టా లాగిన దారి అది. ఎంత కడిగినా మిరప రంగు గచ్చుని అంత తొందరగా వదలదు. తర్వాతి ఏడు మేం పనికి వెళ్ళేసరికి కూడా లీలగా కనపడుతూనే ఉంది. సువార్త ఆ చార మీదుగా నడుచుకుంటూ నేరుగా కిటికీ కిందికి వెళ్ళి పీట వేసుకుంది. కోటమ్మ ఇంకా రాలేదు. ఎదురుగా రెండో పీట కోసం చోటు వదిలి, కాయ వలవడం మొదలుపెట్టింది.